ఫోన్లో ఆంటీ

అక్కా,

ముందు నీ ఆరోగ్యం, బావ మోకాలు, నీ కుట్టుమిషను సంగతులన్నీ అడిగి ఆ తర్వాత నా ఊసుకి రావాలి. ఈసారి ఆ వరస తప్పుతున్నాను. కుశలప్రశ్నలు మొదలుపెడితే పేజీ నిండిపోతుంది. చెప్పాల్సింది చెప్పకుండానే కవరు అంటించేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేశాను కదా. "అత్తయ్య కోలుకున్నారు, ఇంటికి తీసుకొచ్చేశాం, కంగారేమీ లేదు" అన్నాను. "ఎంత నిబ్బరమే నీది!" అని మెచ్చుకున్నావు. అది నిబ్బరం కాదక్కా. ఫోను చెవికి తగిలితే చాలు, నా గొంతు దానంతటదే అలా అయిపోతుంది. ఆ గొంతంటే ఈ మధ్య నాకే భయంగా ఉంది. అందుకే కాగితం తీశాను. కాగితం మీద ఏడ్చినా ఫరవాలేదు, ఎవరికీ వినపడదు.

నేను చేసే పని నీకు తెలుసు. అంబులెన్సు కోసం ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తేది నేను, నాలాంటివాళ్ళు. కానీ అక్కడ ఏం వింటానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నువ్వే అన్నావు, గుర్తుందా? "చెప్పులతో పాటే పనిని కూడా గుమ్మం బయట విడిచి లోపలికి రా. అప్పుడే ఇల్లు ఇల్లులా ఉంటుంది." నాకది ఎంత నచ్చిందో! అక్షరం తప్పకుండా పాటించాను. మా కందిరీగకి (అదేనక్కా, మా పిల్ల. ఇప్పుడు ఇంట్లో క్షణం నిలవకుండా రొద పెడుతూ తిరుగుతోందని వాళ్ళ నాన్న ఆ పేరు పెట్టాడు) నేనెక్కడ పనిచేస్తానో కూడా చెప్పలేదు. "ఫోన్ల ఆఫీసు" అంటాను, అంతే. ఎనిమిదేళ్ళ పిల్లకి రక్తాలూ చావులూ ఎందుకు? ఏదైనా కష్టం వస్తే ఏ నంబరు నొక్కాలో మాత్రం నేర్పాను. ఆ నంబరు అవతల వాళ్ళమ్మే కూర్చుంటుందని చెప్పలేదు.

మా రోజు ఎలా నడుస్తుందో నీకు తెలుసు. నీ మరిది పొద్దున్నే కళ్ళద్దాల షాపుకి వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. నేను మధ్యాహ్నం వెళ్ళి పిల్ల పడుకునే వేళకి వస్తాను. బడి వదిలిన దగ్గర్నుంచి ఆయన వచ్చేదాకా అత్తయ్య ఉంటారు. ఇల్లూ ఉద్యోగమూ రెండూ ఎంత బాగా నెట్టుకొస్తున్నారని అందరూ అంటుంటే నాకూ గర్వంగానే ఉండేది. రెండిటికీ మధ్య గోడ కట్టుకున్నాం, ఇటుది అటు పోదు, అటుది ఇటు రాదు అనుకునేదాన్ని.

ఆ రోజు సాయంత్రం నా సీటుకి ఫోన్ వచ్చింది. మామూలుగానే "అత్యవసర సేవ, మీకేం సహాయం కావాలో చెప్పండి" అన్నాను.

"మా నానమ్మ పడిపోయింది. లేవట్లేదు."

"మా" అనే మాట దగ్గరే గుర్తుపట్టాను అక్కా. ముక్కుతో పలుకుతుంది అది ఆ మాటని.

మనవాళ్ళ ఫోన్ అయితే చెయ్యెత్తాలి. వెంటనే పక్క సీటువాళ్ళు అందుకుంటారు. అది మా దగ్గర రూలు. నేను చెయ్యెత్తలేదు. ఎత్తేలోగా పిల్ల బెదిరి పెట్టేస్తుందేమోనని ఆలోచించానని తర్వాత మా ఇన్‌ఛార్జికి చెప్పుకున్నాను. ఉత్తదే. నేనేమీ ఆలోచించలేదు. నా నోరు నన్ను అడక్కుండా పని మొదలుపెట్టేసింది.

"మీరు ఎక్కడున్నారో చెప్పండమ్మా."

నా ఇంటి చిరునామా నా కూతుర్ని అడిగాను. అది తడబడకుండా చెప్పింది. "నానమ్మ ఊపిరి తీసుకుంటున్నారా? పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి" అన్నాను. "కదుల్తోంది" అంది. "నోట్లో నీళ్ళు పోయనా?" అంది. "వద్దు. నోట్లో ఏమీ పెట్టకండి. ఆవిణ్ణి మీవైపుకి, ఒక పక్కకి తిప్పండి" అన్నాను.

"బరువుగా ఉంది ఆంటీ."

బరువేనక్కా. నడుం పట్టేసినప్పుడల్లా ఆవిణ్ణి లేపేది నేనేగా, నాకు తెలియదూ? "మీరు చేయగలరు. భుజం పట్టుకుని లాగండి" అన్నాను. లాగింది. అది రొప్పడం నా చెవిలో వినపడుతోంది. "ఇప్పుడు వీధి తలుపు తీసి రండి. మళ్ళీ నాతో మాట్లాడండి" అన్నాను. అది పరిగెత్తిన చప్పుడు, గొళ్ళెం చప్పుడు. ఆ గొళ్ళెం బిగుసుకుపోయి ఉంటుంది, నూనె వెయ్యమని ఆయనకి ఎన్నిసార్లో చెప్పాను. అది వచ్చేదాకా నాకు ఊపిరి ఆడలేదు. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "చాలా బాగా చేశారు" అన్నాను.

"మా అమ్మకి మీరు చెప్తారా?" అని అడిగింది.

"చెప్తామమ్మా."

"వద్దు. అరుస్తుంది."

బండి వచ్చేదాకా దాన్ని మాటల్లో పెట్టాను. "వాళ్ళొచ్చేశారు ఆంటీ" అంది. ఫోన్ పెట్టేశాను. అప్పుడేం చేశానో చెప్పనా? ఇది నీ మరిదికి కూడా తెలియదు. వెంటనే ఇంకో ఫోన్ వస్తే ఎత్తాను. ఎవరో కార్ఖానాలో వేలు నలిగిపోయిందని. అతనికి గుడ్డ ఎలా చుట్టాలో చెప్పి, బండి పంపి, అప్పుడు లేచాను. ఇన్‌ఛార్జి ఆసుపత్రికి పొమ్మన్నాడు.

అత్తయ్యకి షుగరు పడిపోయింది. ఇంజెక్షన్ వేసుకుని, పిల్ల బడి నుంచి వచ్చాక కలిసి తిందామని ఆగారట. వేళకి చేరారు కాబట్టి బతికారు. ఆసుపత్రి వరండాలో నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి కందిరీగ బెంచీ మీద కూర్చుని అందరికీ కథ చెబుతోంది. "ఫోన్లో ఆంటీ ఎంత బాగా చెప్పిందో! నన్ను 'మీరు' అంది. ఒక్కసారి కూడా అరవలేదు." నన్ను చూసి నా నడుం చుట్టేసుకుంది. తర్వాత ఏమందో తెలుసా? "అమ్మా, నానమ్మ పడ్డప్పుడు గ్లాసు పగిలింది. నువ్వైతేనా, అదెందుకు పగిలిందని ముందు అరిచేదానివి." నీ మరిది నవ్వాడు. నేనూ నవ్వాను.

అప్పట్నుంచీ ఇంట్లో ఆ ఆంటీ గోలే. బొమ్మ కూడా వేసింది. పొడుగు జడ, గులాబీ రంగు చీర, నెత్తిన కిరీటం ఒక్కటే తక్కువ. ఆ ఆంటీ నేనేనని చెప్పలేకపోతున్నాను. చెబితే నమ్మదని ఒక భయం. నమ్మితే ఏమడుగుతుందోనని ఇంకో భయం. ఊరూపేరూ తెలియని తాగుబోతుని కూడా "కంగారు పడకండి బాబూ" అని బుజ్జగిస్తానే, మరి నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి నా నోట అరుపులే ఎందుకు మిగులుతాయి? వాళ్ళకి ఇవ్వగా మిగిలింది ఇంటికి తెస్తున్నానా? అసలు ఇద్దరిలో నేనెవర్ని అక్కా? ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే లోపలికి వెళ్ళడానికి జంకుగా ఉంటోంది.

ఏదో ఒకటి రాయి. తిట్టినా సరే.

నీ చెల్లి


అక్కా,

నీ ఉత్తరం అందింది. "మానెయ్. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది, పిల్ల చిన్నతనం దొరకదు" అన్నావు. నువ్వు అలాగే అంటావని తెలుసు, అలా అనాలనే రాశానేమో కూడా. నీ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, రాజీనామా రాసి దాని పక్కనే పెట్టాను. ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎన్నాళ్ళకో గుండె తేలికపడింది. ఇక ఇంట్లోనే ఉంటాను, పిల్ల బడి నుంచి రాగానే ఎదురెళతాను, అరవను అని ఏవేవో ఊహించుకుంటూ వెళ్ళాను.

ఆ ముచ్చట టీ వేళ వరకే.

మా పక్క సీటతన్ని అందరం "రేడియో" అంటాం. ఫోన్లో మాట్లాడింది చాలక ఖాళీ దొరికితే మాతోనూ మాట్లాడుతూనే ఉంటాడు. టీ తాగుతూ, "మీకో వింత చెప్పనా? ఒక చిన్నపిల్ల రోజూ సాయంత్రం మనకి ఫోన్ చేస్తోందండీ. నాకూ వచ్చింది, వెనక వరసలో వాళ్ళకీ వచ్చింది" అన్నాడు.

నా చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది.

"ఏమైందమ్మా అంటే ఏం లేదంటుంది. 'మొన్న మాట్లాడిన ఆంటీ ఉందా' అంటుంది. ఏ ఆంటీ తల్లీ, ఇక్కడ బోలెడుమంది ఆంటీలు అన్నాను. 'మీరు మీరు అంటుందే, ఆ ఆంటీ' అంది. సరే, ఉత్తినే ఫోన్ చేయకూడదమ్మా అని పెట్టెయ్యబోతుంటే ఏమందో తెలుసా? 'నానమ్మ నిద్రపోతోంది. ఊపిరి తీస్తోందో లేదో చూడాలి. ఒక్కదాన్నే గదిలోకి వెళ్ళాలంటే భయమేస్తోంది. ఆంటీ ఫోన్లో ఉంటే వెళ్తాను' అంది. నేనున్నాలే, వెళ్ళిరా అన్నాను. వెళ్ళొచ్చి, 'తీస్తోంది. థాంక్స్ అంకుల్' అని పెట్టేసింది."

అది మా పిల్లేనక్కా. ఇంట్లో దాన్ని చూస్తే అసలేమీ జరగనట్టే ఉంది. అదే రొద, అవే కోతిచేష్టలు. నేను వెళ్ళేటప్పుడు చెయ్యూపుతుంది. వచ్చేసరికి పడుకుని ఉంటుంది. భయపడుతున్నానని నాకు ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళ నాన్నకీ చెప్పలేదు. ముక్కూమొహం తెలియని ఆంటీకి చెప్పుకోవడానికి మాత్రం రోజూ ఫోన్ దగ్గరికి వెళుతోంది. ఆ ఫోన్లలో ఒక్కటి కూడా నా సీటుకి రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేదాన్ని? మళ్ళీ ఆ గొంతుతోనే "చెప్పండమ్మా" అనేదాన్నేమో. నాకు నామీద నమ్మకం లేదు. ఆ తర్వాత ప్రతి ఫోనూ ఎత్తేముందు చెయ్యి వెనక్కి లాగుతోంది.

ఇంకో భయం కూడా ఉంది. ఇది నీకు అర్థం కావాలంటే మా గదిలో కూర్చోవాలి. అన్ని సీట్లూ ఫోన్లలో ఉన్నప్పుడు ఇంకో ఫోన్ వస్తే, అది మోగుతూ ఉంటుంది. నా కూతురు "ఆంటీ ఉందా" అని అడుగుతున్న ఆ కాస్త సేపట్లో ఎవరింట్లోనో ఎవరో నేలమీద పడి ఉంటే? అలాంటిది ఇప్పటిదాకా జరగలేదని రేడియో ఒట్టేశాడు. జరగలేదు సరే, రేపటి మాటేమిటి?

ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళాను. ఆయన మొహంలో ఎప్పుడూ ఏ భావమూ కనిపించదు. నేను నోరు తెరవకముందే, "మీ ఇంటి నంబరని మొదటిరోజే చూశాను. నువ్వే వచ్చి చెబుతావని ఊరుకున్నాను" అన్నాడు. "ఇంకోసారి వస్తే మాత్రం పైకి రాయక తప్పదు. వాళ్ళు మీ ఇంటికి మనుషుల్ని పంపుతారు. పిల్ల ఇంకా బెదిరిపోతుంది."

రాజీనామా తీసి బల్లమీద పెట్టాను. చదివాడు. "నువ్వు మానేస్తే ఫోన్లు ఆగుతాయా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. "ఆ పిల్ల వెతుకుతున్న మనిషి ఇక్కడ ఉందనుకుంటోంది. నువ్వేమో ఇక్కణ్ణుంచి పోతానంటున్నావు." కాగితం సొరుగులో పెట్టేశాడు. రెండు రోజులు సెలవిచ్చి ఇంటికి పొమ్మన్నాడు.

ఇది సెలవురోజు పొద్దున రాస్తున్నాను. ఇంట్లో ఇంకో గొడవ కూడా నడుస్తోంది. ఎవరో ఇంటి ఫోన్‌కి చేసి, ఎత్తగానే పెట్టేస్తున్నారట. అత్తయ్య హడలిపోతున్నారు. మా పాత ఫోన్లో నంబరు కనపడదు. "దొంగలు ఇంట్లో ఎవరున్నారో కనుక్కుంటున్నారే" అంటున్నారు. నేను ఇంట్లో ఉన్న సంగతి వాళ్ళకి ఎలా తెలిసిందో, ఇవాళ ఇంకా మోగలేదు. అది ఇంకో భయం.

నువ్వు మానెయ్ అన్నావు, నేను సరే అనుకున్నాను. కానీ నేను ఇంట్లోనే కూర్చున్నాననుకో. ఒకరోజు మధ్యాహ్నం నా పిల్ల నా కళ్ళ ముందునుంచే లేచి వెళ్ళి, నాకు వినపడకుండా తలుపు వేసుకుని, ఇంకెవరికో ఫోన్ చేసి "భయంగా ఉంది" అని చెప్పుకుంటే? ఆ రోజు నేను ఏ ఉద్యోగం మానాలి అక్కా?

హడావిడిగా రాశాను, దస్తూరీ చూసి తిట్టకు.

చెల్లి


అక్కా,

ఉత్తరం ఆలస్యమైందని కోపగించుకోకు. ఒక్కరోజులో జరిగింది కాదు, అందుకే ఒక్కసారిగా రాయలేకపోయాను.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. నీకు కాస్త నవ్వొస్తుంది. సెలవు పెట్టిన పొద్దున పిల్ల పాలగ్లాసు తన్నేసింది. బడి పుస్తకం తడిసిపోయింది. మామూలుగా అయితే నా అరుపుకి కింద వాటావాళ్ళు కూడా లేవాలి. ఆ రోజు మాత్రం ఆ ఆంటీనే ఇంటికి తెచ్చేద్దామనుకున్నాను. గొంతు సవరించుకుని, "ఫరవాలేదు. కంగారు పడకండి. ముందు పుస్తకాన్ని పక్కకి జరపండి" అన్నాను.

పిల్ల కొయ్యబారిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. గబుక్కున వెళ్ళి అత్తయ్య వెనక దాక్కుని, "నానమ్మా, అమ్మకేమైంది?" అంది. అత్తయ్య నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూశారు.

ఆ మధ్యాహ్నం దాన్ని తీసుకురావడానికి బడికి నేనే వెళ్ళాను. దారంతా నా చెయ్యి పట్టుకోలేదు. ఎప్పుడూ ఆగని నోరు మూతపడి ఉంది. మూసేసిన కొట్టు ఒకటి ఉంటుంది దారిలో, అక్కడికి వచ్చాక ఆగింది.

"అమ్మా, నువ్వు ఆ ఆంటీని కలిశావా?"

"లేదే. ఏం?"

"పొద్దున ఆవిడలాగే మాట్లాడావు."

ఎలా చెప్పాలో ఎన్నో రకాలుగా అనుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు. "ఆ ఆంటీ నేనేనే" అన్నాను.

"అబద్ధం."

"నిజం. నా ఆఫీసు అదే. మన నానమ్మ పడిపోయినప్పుడు నీతో మాట్లాడింది నేనే."

అది నమ్మింది అక్కా. నమ్మిన క్షణం దాని మొహం ఎలా అయిందో నేను రాయలేను. సంతోషపడుతుందేమోనని మనసులో ఎక్కడో ఆశ ఉండేది నాకు. ఎగిరి మెడకి చుట్టుకుంటుందనుకున్నాను. అది సంచీ నేలకేసి కొట్టింది.

"ఇల్లెక్కడని అడిగావు! నీకు మనిల్లు తెలీదా? నన్ను 'మీరు' అన్నావు! నానమ్మ చచ్చిపోయిందనుకున్నా నేను. ఎవ్వరూ లేరనుకున్నా. నువ్వక్కడే ఉన్నావా? ఉండి కూడా చెప్పలేదా?"

రోడ్డు మీద జనం చూస్తున్నారు. ఎంతోమంది ఏడుపులు ఆపిన దాన్ని, ఈ ఏడుపు ముందు నిలువునా నీరుగారిపోయాను. అక్కడే కొట్టు మెట్టుమీద చతికిలబడ్డాను. "చెబితే నువ్వు ఏడుస్తావేమో, నేను చెప్పింది వినవేమో అని..." అని ఏదో గొణిగాను.

అది సంచీ తీసుకొచ్చి నా పక్కన కూర్చుంది. "నీకు భయం వెయ్యలేదా?" అంది.

"వేసింది. చచ్చేంత వేసింది."

"నీ గొంతులో లేదుగా."

"ఉండకూడదే. ఉంటే నువ్వు భయపడతావని."

"నేను ఎలాగూ భయపడుతున్నాగా!" అని అరిచింది. "నేనొక్కదాన్నే భయపడుతున్నా అనుకున్నా. ఆంటీకి భయం లేదు, డాక్టరుకి లేదు, నాన్న నవ్వుతాడు, నువ్వూ నవ్వావు. ఇంట్లో ఎవ్వరికీ భయం లేదు, నాకే ఉంది."

ఆ మాటతో నేను ఎంతోకాలంగా అనుకుంటున్నదంతా తలకిందులైంది. ఆఫీసులో మంచిదాన్ని, ఇంట్లో చెడ్డదాన్ని అనుకుంటూ వచ్చాను. ఆ మంచిదాన్ని ఇంటికి తెస్తే సరిపోతుందనుకున్నాను. లేదంటే ఆఫీసే మానేస్తే సరిపోతుందనుకున్నాను. దానికి కావలసింది ఈ రెండూ కాదు. గుమ్మం బయట నేను విడిచి వచ్చినవాటిలో నా భయం కూడా ఉందని, అది లేకుండా ఇంట్లో తిరిగే అమ్మ దానికి సగం అమ్మేనని నాకెప్పుడూ తట్టలేదు. ఇంట్లో నా అరుపులు కూడా చాలావరకు భయమేనక్కా. గ్లాసు పగిలితే నాకు గ్లాసు కనపడదు, కాలు తెగి రక్తం కారుతున్న పిల్లలు కనపడతారు. అది చెప్పకుండా అరుస్తాను. పిల్లకి అరుపొక్కటే వినపడుతుంది.

ఆ సాయంత్రం నీ మరిది వచ్చాక అందరం కూర్చున్నాం. మొత్తం చెప్పాను, ఇంకో ఫోన్ ఎత్తిన సంగతితో సహా. పిల్ల తను చేసిన ఫోన్ల సంగతి చెప్పింది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. "నాకూ భయంగానే ఉందే. స్నానాలగదికి గడియ పెట్టుకోవట్లేదు నేను. లోపల పడిపోతే తలుపు బద్దలుకొట్టాలిగా. నవ్వుతారని చెప్పలేదు" అన్నారు. అప్పుడు నీ మరిది తల గోక్కుంటూ, ఇంటికి ఫోన్ చేసి పెట్టేస్తున్న దొంగని తనేనని ఒప్పుకున్నాడు. "ఎవరో ఒకరు ఎత్తితే బతికే ఉన్నారని తెలుస్తుంది కదా. మాట్లాడితే నాకు భయమని తెలిసిపోతుంది" అన్నాడు. అత్తయ్య, "ఓరి నీ దుంపతెగా! నా ప్రాణాలు తోడేశావు కదరా!" అని వీపుమీద ఒక్కటి వేశారు. ఎంత నవ్వుకున్నామో! భయం పోలేదు. నలుగురిలోకీ వచ్చింది, అంతే.

నువ్వు చెప్పినట్టు మానలేదు, క్షమించు. రాజీనామా ఇన్‌ఛార్జి సొరుగులోంచి తీసి నాకిచ్చేశాడు. అత్తయ్య ఇంజెక్షన్ తర్వాత ఎవరికోసమూ ఆగకుండా తింటానని మాటిచ్చారు. ఆయన షాపులో అడిగి పిల్ల బడి వదిలాక కాసేపు ఇంటికి వచ్చి వెళుతున్నాడు. నేను టీ వేళ ఇంటికి ఫోన్ చేస్తాను. "ఏంచేస్తున్నావే కోతీ?" అని మొదలుపెడతాను. అది "ఇవాళ నీకు భయం వేసిందా?" అని అడుగుతుంది. వేస్తే వేసిందంటాను. ఎందుకో చెప్పగలిగినంతే చెబుతాను. అత్యవసర నంబరుకి మళ్ళీ ఉత్తినే ఫోన్ పోలేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. "ఆంటీ కావాలంది కదా, ఒకసారి తీసుకొచ్చి చూపించెయ్" అని ఇన్‌ఛార్జే అన్నాడు. మొన్న బడి లేనిరోజు దాన్ని తీసుకెళ్ళాను. మా గదికి ఒక వైపంతా అద్దం ఉంటుంది. లోపలి మాట బయటికి రాదు. రేడియో దాన్ని అద్దానికి ఇవతల కుర్చీలో కూర్చోబెట్టి కబుర్లు చెబుతుంటే, నేను లోపల నా సీట్లో కూర్చున్నాను. ఒక ఫోన్ వచ్చింది. ఎవరో తల్లి, బిడ్డకి జ్వరంతో ఫిట్సు వచ్చాయని. నేను నా పద్ధతిలో మాట్లాడాను. బండి పంపాను. బిడ్డ ఏడవడం వినపడింది, హమ్మయ్య అనుకుని పెట్టేశాను. తలెత్తి చూస్తే మా పిల్ల అద్దానికి ముక్కు ఆనించి నన్నే చూస్తోంది. నా మొహంకేసి కాదు. బల్లకిందికి.

బస్సులో ఆ తల్లీ పాపల సంగతి దానికి చెప్పాను. బస్సు దిగి ఇంటికి నడుస్తున్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నీ కాళ్ళు గజగజా వణికాయి తెలుసా?"

నాకు తెలియదక్కా. ఇన్నేళ్ళనుంచీ ఆ సీట్లో కూర్చుంటున్నాను, నిజంగా నాకు తెలియదు.

"ఫోన్లో కాళ్ళు కనిపించవు కదా" అంది అది. మళ్ళీ, "ఆ పాప వాళ్ళమ్మ కాళ్ళు కూడా వణికే ఉంటాయి" అంది.

ఇప్పుడు నేను డ్యూటీకి బయల్దేరాలి. భయంగా ఉంది, రోజూలాగే. నీకు ఎప్పుడైనా ఇలా ఉంటుందా అక్కా? నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. ఈసారి అది రాయి.

భయస్తురాలైన నీ చెల్లి